బెల్ట్‌లో షిప్ పేలిపోతోందా? ఈవ్ ఆన్‌లైన్ మైనర్లకు సమస్య - పరిష్కారం

ఈవ్ ఆన్‌లైన్ అంతరిక్షంలో షిప్‌లు నడిపే ఆట. అందులో మైనర్లంటే బెల్ట్‌లో, అంటే గ్రహశకలాల గుంపులో, రాళ్లు తవ్వి ఓర్ (ముడి ఖనిజం) తీసేవాళ్లు. మొన్న రాత్రి పదకొండు దాటాక పటమట నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది. "అన్నా, రిట్రీవర్ పోయింది. హైసెక్‌లోనే ఉన్నాను. పోలీసులు ఉంటారు కదన్నా, మరెలా పేల్చారు?" వెంచర్ అనే చిన్న తవ్వకం షిప్‌తో నెల రోజులు రాళ్లు కొట్టి, ఇస్క్ (ఆటలోని డబ్బు) కూడబెట్టి కొనుక్కున్న తవ్వకం షిప్ ఆ రిట్రీవర్. హైసెక్ అంటే పోలీసు కాపలా ఉండే సిస్టమ్‌లు (నక్షత్ర మండలాలు), వాటి సెక్యూరిటీ 0.5 నుంచి 1.0 దాకా ఉంటుంది. నేను గుంటూరు బ్రాడీపేటలో, వాడు బెజవాడలో. గంటసేపు ఫోన్‌లోనే మాట్లాడుకున్నాం. ఆ రాత్రి వాడు అడిగినవీ, అంతకుముందు వేరే కుర్రాళ్లు అడిగినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మీ షిప్‌కు ఏం జరిగిందో దానికి దగ్గరగా ఉన్న సమస్య చూసుకోండి.

సమస్య: హైసెక్‌లో ఉన్నా పేల్చేశారు

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. అసలు కారణం కాంకార్డ్ అనే ఆటలోని పోలీసు దళం గురించి మనం పెట్టుకున్న నమ్మకం. కాంకార్డ్ పని శిక్షించడం. దాడి మొదలయ్యాక వస్తుంది, దాడి చేసినవాడి షిప్‌ను తప్పకుండా పేలుస్తుంది. అది వచ్చేలోపు మన షిప్ బతికి ఉండాలి, ఆ బాధ్యత మనదే. వచ్చేందుకు పట్టే సమయం సిస్టమ్ సెక్యూరిటీని బట్టి మారుతుంది. 1.0 సిస్టమ్‌లో సుమారు 6 సెకన్లు, 0.5లో సుమారు 20 సెకన్లు. రెండింటినీ హైసెక్ అనే అంటారు కానీ మైనర్‌కు ఆ తేడా ప్రాణం మీదికి వచ్చేంత పెద్దది.

గ్యాంకర్లు, అంటే ఇలా మీదపడి పేల్చేవాళ్లు, ఎక్కువగా వాడేది కెటలిస్ట్ అనే డెస్ట్రాయర్. చవక షిప్. బాగా ఫిట్ చేస్తే ఒక్కోటి సెకనుకు 500 పైనే డ్యామేజ్ కొడుతుంది. 0.5లో 20 సెకన్లు దొరికితే ఒక్క కెటలిస్ట్ 10,000 దాకా కొట్టగలదు. నలుగురు వస్తే 40,000. అదే నలుగురు 1.0లో కొడితే 12,000 దగ్గర ఆగిపోతారు. వాళ్లు తమ షిప్‌లు పోతాయని తెలిసే వస్తారు. అందుకే ముందే లెక్క వేసుకుంటారు: ఈ మైనర్‌ను పడగొట్టాలంటే ఎన్ని షిప్‌లు పోగొట్టుకోవాలి, గిట్టుబాటు అవుతుందా? ఆ లెక్క వాళ్లకు గిట్టకుండా చేయడమే మన పని.

ముందు షిప్ ఎంపిక చూద్దాం. బార్జ్‌లు అనే తవ్వకం షిప్‌లలో కోవెటర్ ఎక్కువ తవ్వుతుంది, రిట్రీవర్‌లో ఎక్కువ ఓర్ పడుతుంది, ప్రొక్యూరర్ ఎక్కువ దెబ్బలు తట్టుకుంటుంది. వీటి పై మెట్టులో ఎగ్జ్యూమర్లు ఉన్నాయి: హల్క్, మ్యాకినా, స్కిఫ్. అవీ అదే వరుసలో అదే గుణం. కొత్తవాళ్లు ఎక్కువ ఓర్ పడుతుందని రిట్రీవర్ వైపు పోతారు. నా మాట వినండి, ఒంటరిగా తవ్వేవాళ్లు ప్రొక్యూరర్ తీసుకోండి. గంటకు కొంచెం తక్కువ వచ్చినా నెలాఖరుకు షిప్ మీ దగ్గరే ఉంటుంది.

తర్వాత ఫిట్టింగ్, అంటే షిప్ స్లాట్లలో పరికరాలు అమర్చడం. పటమట తమ్ముడు లో స్లాట్లన్నీ మైనింగ్ అప్‌గ్రేడ్లతో నింపేశాడు. డ్యామేజ్ కంట్రోల్ ఒక్కటీ లేదు. మిడ్ స్లాట్లో షీల్డ్ ఎక్స్‌టెండర్ లేదు. పేల్చేవాడికి అంతకంటే తేలికైన ఎర దొరకదు. లో స్లాట్లో డ్యామేజ్ కంట్రోల్ పెట్టండి, మిడ్‌లో షీల్డ్ పెంచే షీల్డ్ ఎక్స్‌టెండర్, దెబ్బ తగ్గించే హార్డెనర్లు పెట్టండి. కెటలిస్ట్ బ్లాస్టర్లు (దగ్గరి నుంచి కొట్టే తుపాకులు) కొట్టేది థర్మల్, కైనెటిక్ డ్యామేజ్. మామూలు షీల్డ్ థర్మల్‌ను 20 శాతమే ఆపుతుంది, కైనెటిక్‌ను 40 శాతం. అందుకే ముందు థర్మల్ లోటు పూడ్చాలి. హార్డెనర్లు కొని పెట్టి ఆన్ చేయడం మర్చిపోయిన వాళ్లను నేను ఇద్దరిని చూశాను, వాళ్ల బాధ చెప్పనలవి కాదు. అన్‌డాక్ కాగానే (స్టేషన్ నుంచి బయటికి రాగానే) ఆన్ చేయడం చేతికి అలవాటు కావాలి. ఫిట్టింగ్ విండోలో ఈహెచ్‌పీ అంకె కనిపిస్తుంది, షిప్ మొత్తం ఎంత డ్యామేజ్ తట్టుకోగలదో అది చెబుతుంది. పైన వేసిన లెక్కతో దాన్ని పోల్చుకోండి, ఎంతమంది వస్తే మీరు పోతారో తెలిసిపోతుంది.

ఇక చోటు. ఖనిజం ఒకటే అయినప్పుడు 0.5కు ఎందుకు వెళ్లడం? 0.8, 0.9 సిస్టమ్‌లలో, జీటా లాంటి పెద్ద మార్కెట్‌కు దూరంగా, జనం పలచగా ఉండే చోట తవ్వుకోండి.

సమస్య: ఎప్పుడు వచ్చారో కూడా తెలియలేదు

కారణం మనం రాళ్ల మీదే కళ్లు పెట్టి లోకల్ (ఆ సిస్టమ్ చాట్ విండో) చూడకపోవడం. మన వీధిలోకి కొత్త మనిషి అడుగు పెడితే అరుగు మీద కూర్చున్న మామ్మకు అందరికంటే ముందు తెలుస్తుంది. లోకల్ విండో మనకు ఆ అరుగు. సిస్టమ్‌లో ఎవరున్నారో పేర్లతో సహా చూపిస్తుంది. దాన్ని వేరే విండోగా లాగి, స్క్రీన్ మీద ఎప్పుడూ కనపడేలా పెట్టుకోండి.

ఊరికే పేర్లు చూస్తే ఎవరు మంచివాళ్లో తెలియదు. ఒకసారి మిమ్మల్ని గాని, మీ కార్ప్ (ఆటగాళ్ల జట్టు) వాళ్లను గాని కొట్టినవాళ్లను కాంటాక్ట్స్‌లో చేర్చి, స్టాండింగ్ అట్టడుగున పెట్టండి. మళ్లీ వాళ్లు సిస్టమ్‌లోకి అడుగు పెట్టగానే పేరు పక్కన ఎర్ర గుర్తు వస్తుంది. మేము ఆరుగురం ఆ జాబితా పంచుకుంటాం. ఒకడికి తగిలిన దెబ్బ మిగతా ఐదుగురికీ హెచ్చరిక అవుతుంది. సెక్యూరిటీ స్టేటస్ (ఆటగాడి నడవడిక అంకె) మైనస్ 5 లేదా అంతకంటే కిందికి పడిపోయినవాళ్లు హైసెక్‌లో ఎక్కువసేపు తిరగలేరు, అక్కడి ఫ్యాక్షన్ పోలీసులు వెంటపడతారు. అందుకే వాళ్లు స్టేషన్‌లో ఆగి ఉండి, లక్ష్యం దొరికాకే బయటికొచ్చి నేరుగా మన దగ్గరికి వార్ప్ అవుతారు, అంటే ఒక్క దూకులో వచ్చేస్తారు. మరి లక్ష్యాన్ని చూపించేది ఎవరు? ముందుగా వచ్చే చిన్న షిప్. అందులో ఉన్నవాడి రికార్డు శుభ్రంగా ఉంటుంది.

ఇది బాగా గుర్తు పెట్టుకోండి. బ్లాస్టర్ల రేంజ్ చాలా తక్కువ, అందుకే కెటలిస్ట్‌లు మన నెత్తి మీదే దిగాలి. దానికి ఎవరో ఒకరు ముందే మన పక్కకు వచ్చి నిలబడాలి. ఏమీ తవ్వకుండా, ఏమీ కొట్టకుండా, మీకు రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఒక ఫ్రిగేట్ వచ్చి ఆగిందా? అది ఎవరని ఆలోచించకండి. డాక్ నొక్కి స్టేషన్‌లోకి వెళ్లిపోండి. పది సార్లలో తొమ్మిది సార్లు అనవసరంగా వెళ్లినట్టు అనిపించినా ఫరవాలేదు, పోయేది రెండు నిమిషాల ఓరే.

రెండో సాధనం డీ-స్కాన్. 'వి' కీ నొక్కితే మీ చుట్టూ 14.3 ఏయూ, అంటే దాదాపు 214 కోట్ల కిలోమీటర్ల దూరం వరకు ఉన్న షిప్‌లు కనిపిస్తాయి. ఒకేసారి మూడు నాలుగు కెటలిస్ట్‌లు జాబితాలోకి వస్తే మాట్లాడేందుకు ఏమీ లేదు, వెళ్లిపోవడమే. వార్మ్‌హోల్ (అంతరిక్ష సొరంగం) గుండా చేరే సిస్టమ్‌లలో ఎవరైనా చాట్‌లో మాట్లాడితే తప్ప లోకల్‌లో పేరు కనిపించదు. అక్కడ డీ-స్కానే మీ కళ్లు. కొన్ని సెకన్లకోసారి నొక్కుతూనే ఉండాలి. కంబాట్ స్కానర్ ప్రోబ్‌లు కనిపించాయంటే ఎవరో వెతుకుతున్నారు, అప్పటికి మీకు మిగిలింది కొద్ది సెకన్లే.

సమస్య: వార్ప్ నొక్కాను, షిప్ కదల్లేదు

షిప్ ముక్కు వెళ్లాల్సిన వైపు తిరిగి, పూర్తి వేగంలో 75 శాతం అందుకుంటేనే వార్ప్ పడుతుంది. బార్జ్‌లు బరువైనవి. ఆగి ఉన్న షిప్ తిరిగి వేగం అందుకునేలోపు స్క్రాంబ్లర్ (వార్ప్ కాకుండా ఆపే పరికరం) పడిపోతుంది. కాబట్టి తవ్వుతున్నప్పుడే స్టేషన్ వైపు అలైన్ చేసి (ముక్కు తిప్పి) నడుస్తూ ఉండాలి. రాయి లేజర్ రేంజ్ దాటిపోతుంది కదా అని అడుగుతారు. నిజమే, ఇది చిరాకు పని. స్టేషన్ వైపు వెళ్లే దారిలోనే రాళ్లు వరుసగా ఉండేలా మొదలుపెట్టే చోటు ఎంచుకోండి. చివరికి చేరాక వెనక్కి ఒక సేఫ్ స్పాట్ బుక్‌మార్క్ వైపు అలైన్ చేసి మళ్లీ అదే వరుసలో రండి. టీవీ చూస్తూ ఇలా చేయలేరు. లోకల్ అనుమానంగా ఉన్న రోజున మాత్రం తప్పదు.

కొత్తవాళ్లకు వెంచర్ ఇక్కడ మంచి స్నేహితుడు. దానికి పుట్టుకతోనే 2 పాయింట్ల వార్ప్ బలం ఉంది. ఒక్క మామూలు స్క్రాంబ్లర్ దాన్ని పట్టి ఉంచలేదు. లోసెక్‌లో (కాంకార్డ్ రాని, తక్కువ సెక్యూరిటీ సిస్టమ్‌లలో) తవ్వాలని మనసు పడితే వెంచర్‌తోనే వెళ్లండి.

స్క్రాంబ్లర్ ఏమీ లేకుండానే కదలకపోతే మిమ్మల్ని ఎవరో ఢీకొడుతున్నారు. పెద్ద షిప్‌తో గుద్ది దారి తప్పిస్తారు, దీనికి కాంకార్డ్ రాదు. వాడు మిమ్మల్ని ఎటు నెడుతున్నాడో ఆ వైపున ఉన్న గ్రహాన్నో స్టేషన్‌నో ఎంచుకుని వార్ప్ నొక్కండి.

సమస్య: డబ్బాలో ఓర్ దొంగిలించాడని కాల్చాను, వాడు నన్ను పేల్చాడు

ఇది పాత ఎర. మీరు బయట పడేసిన జెట్ క్యాన్‌లోంచి తీసుకున్నవాడు 15 నిమిషాలు సస్పెక్ట్ అవుతాడు, ఎవరైనా కాల్చవచ్చు. మీరు కాల్చిన మరుక్షణం మీ ఇద్దరి మధ్య పోరాటం చట్టబద్ధం అవుతుంది, కాంకార్డ్ పట్టించుకోదు. వాడు యుద్ధం చేసే షిప్‌తో తయారుగా ఉంటాడు, మీ చేతిలో ఉన్నది తవ్వకం షిప్. సేఫ్టీ సెట్టింగ్ ఆకుపచ్చలో ఉంది కదా అని ధైర్యపడకండి. అది మిమ్మల్ని నేరం చేయకుండా ఆపుతుంది, సస్పెక్ట్‌ను కాల్చకుండా ఆపదు. ఓర్ పోనివ్వండి. డ్యూయల్ (ఒకరితో ఒకరు పోరు) ఆహ్వానం వచ్చినా ఇంతే, తిరస్కరించండి.

ఇంకొకటి ఉంది. లోకల్‌లో ఎవరైనా "ఇక్కడ తవ్వాలంటే కోటి ఇస్క్ కట్టి పర్మిట్ తీసుకో" అంటే కట్టకండి. ఆట నియమాల్లో అలాంటి పర్మిట్ ఏదీ లేదు.

సమస్య: కరెంటు పోయింది, తిరిగొచ్చేసరికి షిప్ లేదు

మనకు ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన లేస్తే కరెంటు పోవడం మామూలే. నా మొదటి బార్జ్ అలాగే పోయింది. కనెక్షన్ తెగితే షిప్ తనంతట తానే దూరంగా వార్ప్ అయ్యేందుకు ప్రయత్నిస్తుంది. ఎవరితోనూ గొడవ లేకపోతే సుమారు ఒక నిమిషంలో మాయమవుతుంది. కానీ అప్పటికే స్క్రాంబ్లర్ పడి ఉంటే కదలదు. ఆటగాళ్లతో పోరాటం టైమర్ నడుస్తుంటే 15 నిమిషాల దాకా అంతరిక్షంలోనే ఉండిపోతుంది.

రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకోండి, ల్యాప్‌టాప్ అయితే దాని బ్యాటరీ ఎలాగూ ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ ముందే జత చేసి ఉంచండి. ఉరుములు మొదలైతే ఆ రోజుకు డాక్ అయిపోవడం మేలు. రోజూ సర్వర్ మూసే సమయం ఆట గడియారంలో 11:00, మనకు సాయంత్రం 4:30. తిరిగి తెరిచాక బెల్ట్‌లలో రాళ్లు మళ్లీ నిండి ఉంటాయి. కాలేజీ నుంచి ఇంటికి వచ్చి కూర్చునే వేళ అది, మన కుర్రాళ్లకు కలిసొచ్చిన సమయం.

సమస్య: అన్నం తిని వచ్చేలోపు పోయింది

అమ్మ పిలిచిందా, డాక్ చేసి వెళ్లండి. కుర్చీలోంచి లేస్తే షిప్ స్టేషన్‌లో ఉండాలి. దీనికి వేరే పరిష్కారం లేదు.

సమస్య: నల్‌సెక్‌లో వార్ప్ మధ్యలో ఆగిపోయాను

నల్‌సెక్ అంటే పోలీసులే లేని సిస్టమ్‌లు. మిమ్మల్ని ఆపింది బబుల్, అంటే ఆ పరిధిలో ఎవరినీ వార్ప్ కానివ్వని వల. హైసెక్‌లో, లోసెక్‌లో ఉండదు. మీ అలయన్స్ (కార్ప్‌ల కూటమి) ఇంటెల్ ఛానల్, అంటే శత్రువుల కదలికలు చెప్పుకునే చాట్, తెరిచి పెట్టుకోకుండా నల్‌సెక్‌లో తవ్వవద్దు. శత్రువు రెండు మూడు జంప్‌ల దూరంలో ఉన్నాడని తెలిసినప్పుడే డాక్ కావాలి. పక్క సిస్టమ్‌కు వచ్చేదాకా చూస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

సమస్య: షిప్‌తో పాటు పాడ్ కూడా పోయింది

షిప్ పేలగానే మనసు స్తంభించిపోతుంది, తెర వైపు చూస్తూ ఉండిపోతాం. ఆ రెండు సెకన్లలోనే పాడ్‌ను (షిప్ పేలాక మనం మిగిలే చిన్న గుళికను) కొడతారు, దాంతో తలలోని ఇంప్లాంట్లన్నీ పోతాయి. ఆర్మర్ పోయి హల్ తగ్గడం మొదలైనప్పుడే ఓవర్‌వ్యూలో (చుట్టూ ఉన్నవాటి జాబితాలో) ఒక గ్రహాన్ని ఎంచుకుని వార్ప్ నొక్కుతూ ఉండండి. పాడ్ చాలా త్వరగా తిరుగుతుంది, చాలాసార్లు బయటపడుతుంది. ఖరీదైన ఇంప్లాంట్లు ఉన్న క్లోన్‌తో బెల్ట్‌కు వెళ్లకుండా, మైనింగ్‌కు వేరే జంప్ క్లోన్ (మారి వాడుకునే ఇంకో శరీరం) పెట్టుకోండి.

డాక్ అయ్యాక ఇన్సూరెన్స్ చూసుకోండి. మామూలు బార్జ్‌కు అది బాగానే ఆదుకుంటుంది, ఎగ్జ్యూమర్‌కు వచ్చేది చాలా తక్కువ. హైసెక్‌లో నేరంగా కొట్టినవాడి మీద మీకు 30 రోజుల కిల్ రైట్ (వాడిని కాల్చే హక్కు) వస్తుంది. కోపం చల్లారాక కిల్ రిపోర్ట్ తెరిచి చూడండి. ఎంతమంది వచ్చారు, ఒక్కొక్కరు ఎంత కొట్టారు, మీ స్లాట్లలో ఏముంది, అన్నీ అందులో ఉంటాయి. పటమట తమ్ముడి రిపోర్ట్‌లో ఇద్దరే ఉన్నారు. ఆ వారాంతం వాడు ప్రొక్యూరర్ కొని, ఫిట్టింగ్ స్క్రీన్‌షాట్ నాకు పంపాడు. థర్మల్ హార్డెనర్ పెట్టాడు. రెండో మిడ్ స్లాట్ ఖాళీగా వదిలేశాడు, అందులో షీల్డ్ ఎక్స్‌టెండర్ పెట్టమని చెప్పాను.