మ్యూజికల్ థియేటర్ కాలేజీని ఎలా ఎంచుకోవాలి? ఏమేం అడగాలి?

అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలు మ్యూజికల్ థియేటర్ (నటన, పాట, డాన్సు కలిసిన నాటకకళ) చదువుతామనగానే ఇంట్లోవాళ్లు ముందుగా ర్యాంకుల జాబితా తెరుస్తారు. దయచేసి దాన్ని మూసేయండి. ఒక్కో కాలేజీ నుంచి న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల ప్రాంతమైన బ్రాడ్‌వేకు వెళ్లిన కొందరి పేర్లు మాత్రమే అక్కడ కనిపిస్తాయి. మిగిలినవాళ్లు ఆ నాలుగేళ్లలో ఎన్నిసార్లు వేదిక ఎక్కారో కనిపించదు. మీరు కనుక్కోవలసింది అదే.

కావలసినవి: ఒక నోటుపుస్తకం, ఒక్కో కాలేజీకి రెండు పేజీలు. కంప్యూటర్‌లో పట్టిక వద్దు. కళ్లు తెర మీద ఉంటే జవాబు చెప్పేవారి తడబాటు కనపడదు. అడగవలసింది విద్యార్థే. తల్లిదండ్రులు డబ్బు గురించి మాత్రమే మాట్లాడాలి.

1. డిగ్రీ ఏమిటో చూడండి. బి.ఎఫ్.ఎ. (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్)లో చదువులో చాలా భాగం నటన, పాట, డాన్సుకే పోతుంది. బి.ఎ.లో ఇతర సబ్జెక్టులకు చోటు ఎక్కువ. రెండో మేజర్ (ప్రధాన సబ్జెక్టు) కూడా కావాలంటే అది నాలుగేళ్లలో నిజంగా పూర్తవుతుందా అని అడగండి.

2. ప్రవేశం ఎలాగో తెలుసుకోండి. చాలాచోట్ల ముందు వీడియో పంపాలి, తర్వాత ఆడిషన్. చదువు మార్కులతో వచ్చే సీటు, ఆడిషన్‌తో వచ్చే సీటు రెండూ వేర్వేరుగా రావాలా అని అడగండి. ఖర్చు అంచనాకు కాలేజీ సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ (ఆర్థిక సహాయం పోగా మీకు పడే ఖర్చును అంచనా వేసేది) ఉంటుంది.

3. గానం పాఠం. వారానికి ఒకసారి, ఒక్కరికే, గంటసేపు. అంతకన్నా తక్కువైతే నేను ఒప్పుకోను. కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లలు చెవితో పట్టడంలో దిట్టలు, కానీ పాశ్చాత్య స్వరలిపి చూసి పాడమంటే తడబడతారు. స్వరలిపిని మొదటినుంచి నేర్పే తరగతి ఉందా అని అడగండి.

4. వేషాలు, మధ్యలో తప్పించడాలు. ఇక్కడ మాత్రం తొందరపడకండి.

చాలామంది 'అందరికీ అవకాశం ఇస్తారా?' అని అడుగుతారు. 'తప్పకుండా' అంటారు కాలేజీవాళ్లు. ఆ ప్రశ్నకు ఇంకో జవాబు రాదు. అభిప్రాయం అడగకండి, లెక్క అడగండి. 'నాలుగేళ్ల కిందట ఎంతమంది చేరారు? వాళ్లలో ఈ ఏడాది ఎంతమంది పట్టా తీసుకుంటున్నారు?' తేడా పెద్దదైతే కారణం చెప్పమనండి. కొన్నిచోట్ల మొదటి లేదా రెండో ఏడాది చివర పరీక్షించి కొందరిని ప్రోగ్రామ్ నుంచి తప్పిస్తారు. దీన్నే కట్ అంటారు. పేరుకు కట్ లేనిచోట కూడా ప్రొబేషన్ (హెచ్చరించి గడువు పెట్టడం) నియమాలతో అదే పని జరగవచ్చు. కాబట్టి 'కట్ ఉందా?' అని అడిగి ఆగకండి. 'గడిచిన మూడేళ్లలో ఎవరినైనా వేరే డిగ్రీకి మారమన్నారా?' అని కూడా అడగండి.

వేషాల విషయమూ అంతే. మొదటి ఏడాది విద్యార్థులను వేదిక ఎక్కనివ్వని కాలేజీలు ఉన్నాయి. గొంతు, శరీరం కుదురుకునే సమయం అది. ఆ పద్ధతే సరైనది. మీరు అడగవలసింది మూడో ఏడాది గురించి: 'ఇప్పుడు మూడో ఏడాదిలో ఉన్నవారిలో ఇంతవరకు కోరస్ (గుంపులో పాడి ఆడే వేషం) తప్ప మరేమీ రానివారు ఎంతమంది?' మాస్టర్స్ విద్యార్థులూ ఉంటే పెద్ద వేషాలు ఎవరికి వెళ్తున్నాయో కనుక్కోండి.

మన పిల్లలు ఇంకొకటి తప్పక అడగాలి. దక్షిణాసియా మూలాలున్న విద్యార్థులు ఈమధ్య ఏ పాత్రలు వేశారు? 'మేం అందరినీ సమానంగా చూస్తాం' అన్నది జవాబు కాదు. నాటకం పేరు, పాత్ర పేరు చెప్పాలి. ప్రతిసారీ కథానాయిక పక్కన నిలబడే స్నేహితురాలి వేషమే అయితే, ఎంత పేరున్న కాలేజీ అయినా నేను జాబితాలోంచి కొట్టేస్తాను. ఇరవై ఏళ్ల వయసులో నాయిక పాత్ర మోయడం నేర్చుకోని పిల్లకు అది బయటి ఆడిషన్లలో అబ్బదు.

ఇవన్నీ రెండుసార్లు అడగండి. ఒకసారి అధ్యాపకులను, మరోసారి మూడో ఏడాది విద్యార్థులను. కాలేజీ చూపించడానికి నియమించిన విద్యార్థి ఈ లెక్కలోకి రాడు. రిహార్సల్ గది బయట కూర్చున్నవాళ్లను అడగండి. రెండు జవాబులూ కలవకపోతే విద్యార్థుల మాటే నమ్మండి.

5. చివరి ఏడాది షోకేస్. నటులకు అవకాశాలు వెతికిపెట్టే ఏజెంట్ల ముందు ప్రదర్శనకు అందరినీ తీసుకెళ్తారా, ఎంపిక చేస్తారా, ప్రయాణ ఖర్చు ఎవరిది?

చాలా కాలేజీలకు మే 1లోగా చేరతామని మాట చెప్పాలి. డిపాజిట్ కట్టే ముందు మరొక్కసారి ఫోన్ చేసి, ఏ గురువు కోసం ఆ కాలేజీని ఎంచుకున్నారో ఆయన లేదా ఆమె వచ్చే ఏడాది అక్కడే పాఠం చెబుతారా అని అడగండి.