చర్మం కింద నొప్పిగడ్డ: లక్షణాన్ని బట్టి కారణం, చికిత్స

గడ్డ తగలగానే చాలామంది మందుల షాపుకు వెళ్లి మూడు రోజులకు సరిపడా యాంటీబయాటిక్ తెచ్చుకుంటారు. కొన్ని గడ్డలకు ఆ మాత్రతో పనే లేదు. చీము నిండిన గడ్డకు అదొక్కటే చాలదు. చీము చుట్టూ గోడ కట్టేశాక లోపలికి రక్తం సరిగా చేరదు, రక్తం చేరని చోటికి మందూ చేరదు. అందుకే ముందు అది ఏ గడ్డో తేల్చుకోవాలి.

వెంట్రుక మొదట్లో ఎర్రగా లేచి, రెండు మూడు రోజుల్లో పెద్దదై సలుపుతోంది

ఇది సెగగడ్డ. మామిడిపండ్లు తిని వేడి చేసిందంటారు గానీ, అసలు కారణం స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. చాలామంది ముక్కులో, చర్మం మీద అది ఉండనే ఉంటుంది. చెమట, బట్టల ఒరిపిడి, గీరుడు, షేవింగ్ గాట్లు దానికి దారి ఇస్తాయి. ఎండాకాలంలో గడ్డలు ఎక్కువ కావడానికి కారణం ఇదే, మామిడిపండు కాదు.

శుభ్రమైన గుడ్డను ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ముంచి, పిండి, గడ్డ మీద 10 నుంచి 15 నిమిషాలు కాపడం పెట్టాలి. రోజుకు మూడు నాలుగు సార్లు చేయాలి. వాడిన గుడ్డను వేడి నీళ్లతో ఉతికాకే మళ్లీ వాడాలి. షుగర్ వల్ల కాళ్లు తిమ్మిరెక్కినవారు వేడిని తామే చూసుకోకూడదు, ఇంట్లో ఇంకొకరి చేత్తో చూపించుకోవాలి. లేకపోతే కాలినా తెలియదు. చిన్న సెగగడ్డలు చాలావరకు ఒకటి రెండు వారాల్లో మెత్తబడి, వాటంతటవే పగిలి మానిపోతాయి. పగిలాక సబ్బునీళ్లతో కడిగి, పొడి గాజుగుడ్డ కట్టి, చేతులు కడుక్కోవాలి.

పిండకండి. పైకి రావాల్సిన చీము గోడ తెంచుకుని పక్కలకు పాకుతుంది. ముక్కు మీద, పైపెదవి మీద వచ్చినవాటిని అసలు తాకకూడదు. అక్కడి సిరలకు పుర్రె లోపలి సిరలతో సంబంధం ఉంది కాబట్టి ఇన్ఫెక్షన్ లోపలికి పాకవచ్చు. సున్నం, బెల్లం కలిపి పట్టు వేస్తే సున్నపు క్షారం చర్మాన్ని కాలుస్తుంది. జిల్లేడు పాలు కూడా అంతే, కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

మధ్యలో మెత్తబడింది, వేలితో నొక్కితే లోపల ద్రవం కదులుతోంది

చీముగడ్డ అయింది. దీనికి మందు కోత. డాక్టర్ చుట్టూ మత్తు సూది వేసి, కోసి, లోపల విడివిడి గదులుగా ఉన్న చీమునంతా ఒకటి చేసి తీసి, సెలైన్‌తో కడుగుతారు. వాచిన చోట మత్తు అంత బాగా పట్టదు కాబట్టి కాస్త నొప్పి తెలుస్తుంది. కోతను సాధారణంగా కుట్టరు, అడుగు నుంచి పైకి మానాలి. కొందరు "కుట్టు వేయలేదేంటి" అని అనుమానపడి డ్రెస్సింగ్ మానేస్తారు. అప్పుడు పైచర్మం ముందే మూసుకుని లోపల మళ్లీ చీము పడుతుంది. కోత మరీ చిన్నదైనా ఇదే జరుగుతుంది.

చుట్టూ ఎరుపు పాకుతున్నా, జ్వరమున్నా, షుగర్ ఉన్నా కోతతో పాటు యాంటీబయాటిక్ కావాలి. చీమును కల్చర్ పరీక్షకు పంపమని అడగండి, ఏ మందుకు లొంగుతుందో దాంట్లో తెలుస్తుంది. పాలిచ్చే తల్లికి రొమ్ములో చీము పడితే అల్ట్రాసౌండ్ చూస్తూ సూదితో తీయడమే సాధారణంగా మొదటి మార్గం, బిడ్డకు పాలు ఆపనక్కర్లేదు. ఆసనం పక్కన గడ్డైతే పగిలేదాకా ఆగకండి, కొందరికి అది తర్వాత భగందరంగా (ఫిస్టులా, ఆసనం లోపలి నుంచి బయటి చర్మానికి పడే దారి) మారుతుంది.

మెడ వెనుక, వీపు మీద ఒకే గడ్డకు నాలుగైదు నోళ్లు

రాచపుండు, అంటే పక్కపక్కన సెగగడ్డలు కలిసిపోయిన కార్బంకుల్. క్యాన్సర్‌ను కూడా కొందరు ఇలాగే అంటారు, ఇది అది కాదు. ఇది ఇంట్లో నయం చేసుకునేది కాదు. దీనితో వచ్చినవారిలో కొందరికి షుగర్ ఉన్నట్టు అప్పుడే బయటపడుతుంది. పరగడుపున రక్తంలో షుగర్ డెసిలీటరుకు 126 మి.గ్రా. లేదా అంతకు మించి, లేదా హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.5 శాతం లేదా అంతకు మించి ఉంటే అది సాధారణంగా మధుమేహమే. షుగర్ అదుపులోకి రాకపోతే ఎంత మంచి డ్రెస్సింగైనా పుండు ఆలస్యంగా మానుతుంది.

చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద అదే చోట మళ్లీ మళ్లీ

హైడ్రాడెనైటిస్ అనే దీర్ఘకాలిక చర్మవ్యాధి కావచ్చు. ఇది అంటువ్యాధి కాదు, అశుభ్రత వల్లా రాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే సిగ్గుతో ఏళ్లకు ఏళ్లు దాచుకుంటారు. ఈలోగా చర్మం కింద సొరంగాలు, మచ్చలు ఏర్పడతాయి. ప్రతిసారీ కోయించుకుంటూ పోతే జబ్బు పోదు. చర్మవ్యాధి నిపుణుడి దగ్గర నెలల తరబడి మందు వాడాలి. పొగతాగడం మానడం, బరువు తగ్గడం మేలు చేస్తాయి.

ఏళ్ల నాటి నొప్పిలేని గడ్డ హఠాత్తుగా ఎర్రబడింది

మధ్యలో నల్లని చుక్క ఉంటే తిత్తి. దాని గోడ చిట్లి, లోపలి తెల్లని ముద్ద చుట్టూ కారడం వల్ల ఈ వాపు. ముందు వాపు తగ్గించి, కొన్ని వారాల తర్వాత గోడతో సహా తీయించాలి. గోడ మిగిలితే మళ్లీ వస్తుంది.

మోకాలి కింద, కాలి ముందువైపు ఎర్రని నొప్పిగడ్డలు

ఎరిథీమా నోడోసమ్ (చర్మం కింది కొవ్వు పొర వాచడం) అనుకోవచ్చు. లోపల చీము ఉండదు, కోయించకూడదు. గొంతు ఇన్ఫెక్షన్, టీబీ, కొన్ని మందులు కారణం కావచ్చు, అవి వెతికి పట్టుకోవాలి. కుష్ఠువ్యాధి మందులు వాడుతున్నవారికి ఇలాంటివి వస్తే మందులు మానకుండా వెంటనే చూపించుకోవాలి.

గజ్జల్లో, చంకలో, మెడలో బిళ్ల కట్టింది

కాలి వేళ్ల సందుల్లో పుండు, చేతి మీద గీరుడు, పన్ను చీము లాంటివి వెతకండి. అది మానితే బిళ్ల తగ్గుతుంది. మూడు వారాలు దాటినా తగ్గకపోతే, నొప్పి లేకపోయినా సూది పరీక్ష (బిళ్ల నుంచి సూదితో కణాలు తీసి చూడడం) చేయించాలి. మెడలో టీబీ బిళ్లలు తరచూ నొప్పి లేకుండానే ఉంటాయి. గజ్జలో దగ్గితే ఉబ్బి, పడుకుంటే తగ్గేది హెర్నియా. అది గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలైతే అత్యవసరం.

రాత్రైనా ఆస్పత్రికి వెళ్లాల్సినవి

ఎరుపు అంచున పెన్నుతో గీత గీయండి. గంటల్లో ఎరుపు గీత దాటినా, 101 డిగ్రీల జ్వరమున్నా, చర్మం నల్లబడినా, పైకి కనిపించే దానికంటే నొప్పి ఎన్నో రెట్లు ఉన్నా, మగతగా ఉన్నా, కన్ను వాచినా తెల్లారేదాకా చూడకండి.

ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి సెగగడ్డలు

తువ్వాలు, రేజర్, సబ్బు ఎవరివి వారికే ఉండాలి. దుప్పట్లు, దిండు గలీబులు వేడి నీళ్లతో ఉతికి ఎండలో ఆరేయాలి. గోళ్లు కత్తిరించుకోవాలి. అయినా ఆగకపోతే ముక్కులో మ్యుపిరోసిన్ అనే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ రోజుకు రెండు పూటలా 5 రోజులు వాడమని డాక్టర్ సూచించవచ్చు. అది అవసరమైన అందరికీ ఒకేసారి మొదలుపెట్టాలి.