ఎండలు ముదరకముందే గ్రాఫిక్స్ కార్డు పేస్టు: విప్పేవాళ్లకు జాగ్రత్తలు

శివరాత్రి దాటిందంటే నల్లగొండ, పాలమూరు వైపు గదులు వేడెక్కడం మొదలు. మే నెలలో బయట 44 డిగ్రీలు దాటే రోజుల్లో రేకుల గదిలో గేమ్ ఆడేవాళ్ల కార్డు సంగతి చెప్పక్కర్లేదు. గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే కార్డు కూడా దాదాపు అన్ని డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. చలికాలంలో 72 దగ్గర ఆగిన కార్డు ఎండాకాలంలో 85కి వెళ్తే తప్పు పేస్టుదే (చిప్ వేడిని పైనున్న లోహపు హీట్‌సింక్‌కు దాటించే ముద్దదే) అనుకోకండి.

ముందు కార్డు వేడి చూపే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్ పెట్టి, ఓ పావుగంట గేమ్ నడిపి రెండు అంకెలు చూడండి: మామూలు టెంపరేచర్, హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడెక్కిన చోటు). రెంటికీ తేడా పది పదిహేను డిగ్రీలుంటే పేస్టు బాగానే ఉన్నట్టు. పాతిక ముప్పై దాటితే పేస్టు ఎండిపోయి ఉండొచ్చు, లేదా చిప్ మీంచి పక్కలకు జరిగిపోయి ఉండొచ్చు. అప్పుడే విప్పాలి. ఆ అంకెలు రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

తేడా తక్కువగానే ఉండి రెండూ కలిసి పెరుగుతుంటే చాలాసార్లు దుమ్మే కారణం. యాసంగి కోతలప్పుడు హార్వెస్టర్లు లేపే దుమ్ము, మిర్యాలగూడ చుట్టుపక్కలైతే మిల్లుల ఊక, హీట్‌సింక్ రెక్కల మధ్య దూరి మందంగా పేరుకుంటాయి. మెత్తని బ్రష్షు, చేతి బ్లోయర్ చాలు. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో ఆపి పట్టుకోండి. పంక్చర్ షాపు కంప్రెసర్ దగ్గరికి మాత్రం తీసుకుపోవద్దు, ఆ గాలితో నీళ్లు కూడా వస్తాయి. అన్నట్టు, ఎయిర్ కూలర్ ముందు సీపీయూ డబ్బా పెట్టడం మనవాళ్లకు బాగా అలవాటు. చల్లదనం కన్నా తుంపరల చేటే ఎక్కువ.

వారంటీ ఇంకా ఉండి, స్క్రూ మీద స్టిక్కర్ కనిపిస్తే ముందు కంపెనీని అడగండి. లేదంటే సామాన్లు చూసుకోండి: కరెంటు పారని మామూలు పేస్టు, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కొలత సరిపోయే థర్మల్ ప్యాడ్లు (మెమరీ చిప్పుల్లాంటి వాటి వేడిని హీట్‌సింక్‌కు చేర్చే మెత్తని ముక్కలు). ఇక్కడ దొరక్కపోతే సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ సామాన్ల మార్కెట్) అడగొచ్చు. పేస్టుకు బదులు కొందరు వాడే లిక్విడ్ మెటల్ జోలికి పోకండి. అది కరెంటును పారనిస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. పేస్టుకు బదులు అతికించే పీటీఎం7950 షీటు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఇంకో చిక్కు: అది 45 డిగ్రీల దగ్గర మెత్తబడే సరుకు. మన మే నెల మధ్యాహ్నం పైపొర తీయబోతే షీటంతా దాంతోపాటే ఊడొస్తుంది. కవర్లోనే ఉంచి కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్నే అతికించండి.

విప్పే ముందు గేమ్ కాసేపు నడిపితే పాత పేస్టు మెత్తబడుతుంది. తర్వాత స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి. క్యాబినెట్ ఇనుమును ముట్టుకున్నాకే కార్డు మీద చెయ్యి వేయండి. స్లాట్ చివరి క్లిప్ నొక్కకుండా లాగితే స్లాటే విరుగుతుంది.

స్క్రూలు తీశాక హీట్‌సింక్ రాకపోతే సందులో స్క్రూడ్రైవర్ పెట్టి లేపొద్దు. అటూ ఇటూ కొద్దిగా తిప్పితే వదులుతుంది. అప్పుడు కూడా ఒక్కసారిగా లాగకండి, ఫ్యాన్ వైర్లు బోర్డుకే ఉంటాయి. ప్రాసెసర్‌కు ఉన్నట్టు ఈ చిప్‌కు పైన రేకు మూత ఉండదు, అద్దం లాంటి సిలికానే బయట ఉంటుంది. అంచుకు గోరో ఇనుమో తగిలి పెచ్చు లేస్తే కార్డు పోయినట్టే. మెత్తని గుడ్డను ఆల్కహాల్‌తో తడిపి తుడవండి, గీకొద్దు.

అసలు తిప్పలు ప్యాడ్లతోనే. మెమరీ చిప్పుల మీద ఒక మందం, పవర్ భాగాల మీద ఇంకో మందం ఉంటాయి. అర మిల్లీమీటరు ఎక్కువ వేసినా హీట్‌సింక్ పైకి లేచి చిప్‌కు ఆనదు. పాతవి చిరగకపోతే కదిలించకండి. ఏది ఎక్కడుందో ఫోటో తీసుకోండి.

పేస్టు చిప్ మొత్తం పలచగా పరుచుకోవాలి, మూల ఒక్కటి కూడా ఖాళీ ఉండొద్దు. నాలుగు స్క్రూలను ఎదురెదురు మూలలుగా, కొంచెం కొంచెంగా బిగించండి. ఫ్యాన్ వైర్లు పెట్టారో లేదో చూసుకుని మూసేయండి.

ఆన్ చేశాక బొమ్మ రాకపోతే టెన్షన్ పడొద్దు, కార్డు మళ్లీ గుచ్చి పవర్ కేబుల్ చూడండి. తర్వాత అదే గేమ్, అదే పావుగంట, వీలైతే రోజులో అదే వేళకు నడపండి. రాసిపెట్టుకున్నదానికన్నా హాట్‌స్పాట్ తేడా పెరిగిందంటే ప్యాడ్ మందమో, స్క్రూల బిగింపో కుదరలేదు. ఆపేసి మళ్లీ విప్పాల్సిందే.