జీర్ణ హార్మోన్లు, 4వ పాఠం: హార్మోన్ అన్నాన్ని ముట్టదు

కిందటి పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను: ముద్దపప్పు, నెయ్యి కలుపుకుని తిన్న అన్నం ఆంత్రమూలంలోకి, అంటే చిన్నపేగు మొదటి భాగంలోకి, దిగగానే ఏం జరుగుతుంది? ఎక్కువమంది రాసిన జవాబు "కోలిసిస్టోకైనిన్ వచ్చి నెయ్యిని అరిగిస్తుంది" అని. కోలిసిస్టోకైనిన్ హార్మోన్, అది దేన్నీ అరిగించదు. ఈ తప్పు పాతుకుపోతే రాబోయే పాఠాలేవీ తలకెక్కవు. అందుకే ఈరోజు చెప్పాలనుకున్న ఆకలి హార్మోన్ ఘ్రెలిన్‌ని వచ్చే పాఠానికి జరిపాను.

పేర్లే కొంప ముంచుతున్నాయి. పెప్సిన్, ట్రిప్సిన్, గ్యాస్ట్రిన్, సెక్రెటిన్ అన్నీ చెవికి ఒకేలా ఉంటాయి. మొదటి రెండూ ఎంజైములు, తర్వాతి రెండూ హార్మోన్లు. నా కిటుకు ఒక్కటే. "ఇది అన్నాన్ని ముట్టుకుంటుందా?" అని అడగండి. ముట్టుకుని ముక్కలు చేస్తే ఎంజైమ్. హార్మోన్ రక్తంలో కలిసి వెళ్లి ఎక్కడో ఉన్న కణానికి కబురు చెబుతుంది, అంతే.

గ్యాస్ట్రిన్‌నే చూడండి. జఠరం కింది భాగంలోని జి కణాల్లో పుడుతుంది. పని చేయాల్సింది పైభాగంలో, ఆమ్లం పోసే కణాల దగ్గర. బెత్తెడు దూరం. అయినా లోపలి గోడ వెంట జారుకుంటూ పోదు. రక్తంలో పడి కాలేయం, గుండె కుడివైపు, ఊపిరితిత్తులు, గుండె ఎడమవైపు, బృహద్ధమని, ఇంత చుట్టూ తిరిగి మళ్లీ జఠరానికే వస్తుంది.

కబుర్లన్నీ నరాల ద్వారానే వెళ్తాయని ఒకప్పుడు నమ్మేవారు. 1902లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శరీరశాస్త్రవేత్తలు మత్తులో ఉన్న కుక్క చిన్నపేగులో ఒక ముక్కకు నరాలు తెంపి, రక్తనాళాలు మాత్రం ఉంచి, అందులో ఆమ్లం పోశారు. క్లోమం నుంచి రసం కారింది! తర్వాత పేగు లోపలి పొరను గీకి, ఇసుకతో, ఆమ్లంతో నూరి, వడకట్టి మెడ సిరలోకి ఎక్కించారు. మళ్లీ కారింది. అందులో ఉన్నదే సెక్రెటిన్. జీవశాస్త్రంలో నాకు ఇంతకంటే నచ్చిన ప్రయోగం లేదు. హార్మోన్ అన్న మాటను స్టార్లింగ్ 1905లో వాడుకలోకి తెచ్చాడు.

సెక్రెటిన్ కబురుతో క్లోమం ఆమ్లాన్ని విరిచే బైకార్బనేట్ వదిలే సంగతి మీకు వచ్చేసింది, వదిలేస్తున్నా. ఇక మన నెయ్యి. కొవ్వు తగలగానే ఆంత్రమూలం గోడలోని ఐ కణాలు కోలిసిస్టోకైనిన్‌ని రక్తంలోకి వదులుతాయి. ఆ కబురుతో పిత్తాశయం పిండినట్టు ముడుచుకుంటుంది, పైత్యరసం దిగే దారిలోని కండరం వదులవుతుంది, క్లోమం ఎంజైములు పంపుతుంది, జఠరం కాస్త నెమ్మదిస్తుంది. నెయ్యిని ముక్కలు చేసేది మాత్రం క్లోమం పంపిన లైపేజ్ అనే ఎంజైమ్. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లకు నూనె, నెయ్యి ఎక్కువైన భోజనం తర్వాత నొప్పి రావడానికి ఆ ముడుచుకోవడమే కారణం.

అభ్యాసం: పుస్తకం మూసేయండి. కోలిసిస్టోకైనిన్ ఆంత్రమూలం నుంచి పిత్తాశయం దాకా వెళ్లే దారి తెల్లకాగితం మీద గీయండి. కాలేయం, ఊపిరితిత్తులు సహా ఒక్క మజిలీ కూడా తప్పిపోకూడదు. తర్వాత, పొట్ట స్కానింగ్‌కి పరగడుపున ఎందుకు రమ్మంటారో ఆ బొమ్మ మీద వేలు పెట్టి ఇంట్లో ఒకరికి చెప్పండి. ఎంజైమ్ అన్న మాట ఒక్కసారి కూడా రాకుండా చెప్పాలి.