ఇంట్లో బాలనాగమ్మ బొమ్మలాట: నవ్వించే పని కేతిగాడిదే

బాలనాగమ్మ కథ నాయనమ్మలకు కంఠతా వచ్చు, పిల్లల్లో చాలామందికి పేరు కూడా తెలియదు. దసరా సెలవులకు ఇంటి నిండా చుట్టాలు చేరినప్పుడు బొమ్మలాట వేయాలంటే నేనైతే ఈ కథే పట్టుకొమ్మంటాను. మాయల ఫకీరు ఉన్నాడు, తల్లి బాలనాగమ్మను విడిపించే చిన్న పిల్లాడు బాలవర్ధి ఉన్నాడు, చిలకలో ఫకీరు ప్రాణం ఉంది, ఇంకేం కావాలి?

మొదట తెర. తెల్ల పంచె ఒంటి పొరగా గుమ్మానికి బిగించి కట్టండి, ముడతలు ఉండకూడదు. కింద సగం నల్ల దుప్పటితో కప్పేస్తే ఆడించేవాళ్ల తలకాయలు కనబడవు. లైటు ఒక్కటే ఉండాలి, అదీ బల్బు. ట్యూబ్‌లైట్ పెడితే నీడ మసకబారిపోతుంది. ఆడించేవాళ్ల తల మీదుగా వెలుగు తెర మీద పడేలా వేలాడదీయండి, వైర్ పిల్లల కాళ్లకు తగలకుండా చూసుకోండి.

బొమ్మలకు తోలు ఎక్కడ తెస్తాం? అసలు తోలుబొమ్మలాటలో మేకతోలును వెలుగు దూరేంత పలుచగా గీకి రంగులు వేస్తారు. ఇంట్లో ఆ పని డ్రాయింగ్ పేపరుతో అయిపోతుంది. మూరెడు పొడుగు బొమ్మను పక్కకు చూస్తున్నట్టు గీయండి, ఎందుకంటే ఎదురుగా గీస్తే నీడలో ముక్కూ మూతీ తెలియవు. స్కెచ్ పెన్నులతో రంగులు నింపి, దూదితో వెనకవైపు కొబ్బరినూనె పట్టించి, రాత్రంతా న్యూస్‌పేపర్ల మధ్య పెట్టండి. తెల్లారేసరికి కాగితం అద్దంలా వెలుగును వదులుతుంది, తెర మీద నల్ల నీడకు బదులు రంగులే కనిపిస్తాయి. పర్మనెంట్ మార్కర్ మాత్రం వాడకండి, నూనెకు పాకిపోతుంది. భుజం, మోచేయి దగ్గర వేరుగా కత్తిరించి దారంతో ముడివేసి, నడుముకు వెదురు పుల్ల, చేతులకు రెండేసి చీపురుపుల్లలు కట్టండి. ఆడించేటప్పుడు బొమ్మను తెరకు ఆనించే పట్టుకోవాలి, దూరం జరిగితే నీడ చెదిరిపోతుంది.

ఇక అసలు విషయం. కామెడీ చేద్దామని చాలామంది బాలనాగమ్మతోనూ, ఆమె భర్త కార్యవర్ధి రాజుతోనూ జోకులు వేయిస్తారు, అక్కడే కథ చెడుతుంది. ఫకీరు భిక్షకు వచ్చి ఆమెను కుక్కను చేసి తీసుకుపోతుంటే పిల్లలకు గుండె దడదడలాడాలి, దండెత్తిన రాజు రాయి అయిపోతే ‘అయ్యో’ అనాలి. నవ్వించడానికి తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా ఎప్పటినుంచో ఉన్నారు, ఏ కథలోనైనా ఎప్పుడు పడితే అప్పుడు దూరిపోతారు, వాళ్లిద్దరికే ఆ పని అప్పజెప్పండి. రాజుగారి మాటలు పుస్తకంలోలా ఉండనివ్వండి, వీళ్ల మాటలు మాత్రం మన నల్గొండ, పాలమూరు యాసలోనే ఉండాలి. ఉదాహరణకు బాలవర్ధి చిలక కోసం ఏడు సముద్రాలు దాటబోతుంటే వీళ్లు వెంటపడతారు:

“ఓ కేతిగా, నాకు ఆధార్ కార్డున్నది, జీరో టికెట్. నువ్వు పైసలు తియ్యి.”

“ఏడు సముద్రాలకు టికెట్ ఎంతనో ముందు అడుగు బంగారక్కా. నాగార్జునసాగర్ దాంక అయితే వస్త, 26 గేట్లు సూసి ఆడనే దిగుత.”

చిలక ఉన్న మర్రిచెట్టు దగ్గర ఇంకోటి: “బాలవర్ధి దొరా, మా పాలమూరు పిల్లలమర్రికి 2018ల సెలైన్ బాటిళ్లు పెట్టిండ్రు. గీ మర్రికి డాక్టరెవ్వరు లేరా?” ఆ చెట్టుకు చెదల మందు నిజంగానే సెలైన్‌లా ఎక్కించారు కాబట్టి పెద్దవాళ్లు ముందు నవ్వుతారు, పిల్లలు ఎందుకని అడుగుతారు. మీ ఇంటి సంగతులూ కలపండి, కానీ అలిగే మేనమామ జోలికి పోకండి.

డైలాగులు బట్టీ పట్టించొద్దు. ఏ సీనులో ఏం జరగాలో ఒక చీటీ మీద రాసి తెర వెనక అంటించండి చాలు. మొత్తం అరగంట దాటితే చిన్నవాళ్లు లేచి తెర వెనక్కి వచ్చేస్తారు. చప్పుళ్లకు అసలు కళాకారులు కాళ్ల కింద చెక్కలు పెట్టుకుని తొక్కుతారు, మీకు గిన్నెల మూతలు, గజ్జెలు ఉన్నాయి కదా.

రిహార్సల్ ఒక్క సీనుకే చేసేట్టయితే చివరి సీనుకు చేయండి. బాలవర్ధి చిలక రెక్క విరిస్తే ఫకీరు చెయ్యి పడిపోవాలి, కాలు విరిస్తే కాలు. ఫకీరు బొమ్మకు కాలు కూడా వేరుగా కత్తిరించి, చేతికి, కాలికి ముడి వేయకుండా దారం ఒక చుట్టు మాత్రమే తిప్పి, కొస కిందికి వదలండి, లాగగానే ఊడి వస్తుంది. చిలకను పట్టుకున్నవాళ్లు ‘హా’ అని గట్టిగా అంటేనే రెండోవాళ్లు దారం లాగాలి. ఆలస్యమైతే కేతిగాడు ఉండనే ఉన్నాడు, “ఫకీరయ్యా, సిగ్నల్ అందలేదా?” అని తల దూరిస్తే సరిపోతుంది.