వానల్లో ల్యాప్‌టాప్ మొరాయిస్తే ఆ బటన్ నొక్కొద్దు

మొన్నటి వానకు తిరుపతి బైరాగిపట్టెడలో కింది అంతస్తు గదిలోకి నీళ్ళొచ్చి తడిసిన ల్యాప్‌టాప్ ఒకటి రిపేరు బల్ల మీదికొచ్చింది. విప్పి చూస్తే మదర్‌బోర్డు చాలావరకు శుభ్రంగానే ఉంది. డిస్‌ప్లే కేబుల్ కనెక్టర్ దగ్గర మాత్రం రెండు పిన్నులు నల్లగా మాడిపోయి, పక్కన పచ్చటి తుప్పు పొడి. ఒట్టి నీళ్ళు అంత పని చేయవు. తెల్లారేసరికి ఆరిపోయి ఉంటుందిలే అని పవర్ బటన్ నొక్కి, రాకపోతే ఛార్జర్ పెట్టి మళ్ళీ నొక్కి, చేజేతులా చేసుకున్నదది.

మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి ఎట్లా మునిగిందో ఎవరూ మరిచిపోలేదు. బ్యాగుకు రెయిన్ కవర్ వేయండి, కిటికీ పక్కన పెట్టొద్దు అనేవి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. చెప్పాల్సింది ఒకటే. తడిసినా, చప్పుడు మారినా, మాటిమాటికీ ఆగిపోతున్నా, "ఒక్కసారి ఆన్ చేసి చూద్దాం" అనొద్దు.

తడిసినప్పుడు

చాలా మోడళ్ళలో డిస్‌ప్లే కనెక్టర్ మూత మడిచే హింజ్‌కు దగ్గర్లో, కీబోర్డుకీ స్క్రీన్‌కీ మధ్య సందు కిందే ఉంటుంది. ఒలికిన నీళ్ళు నేరుగా అక్కడికే దిగుతాయి. అందులో బ్యాక్‌లైట్‌కు (స్క్రీన్ వెనక వెలుగు) పోయే పిన్నుల్లో 12 నుంచి 19 వోల్టుల దాకా ఉంటుంది. వాటికి దగ్గర్లోనే ప్రాసెసర్‌కు పోయే సిగ్నల్ లైన్లు. అవి తట్టుకునేది మహా అయితే ఒకటి రెండు వోల్టులు. మధ్యలో చుక్క తేమ ఉండగా బటన్ నొక్కితే ఆ వోల్టేజీ ప్రాసెసర్‌లోకి దూరుతుంది. ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో కడిగి ఆరబెడితే లేచి కూర్చునే బోర్డు కాస్తా కొత్త బోర్డు ఖర్చు పెట్టిస్తుంది.

కాబట్టి గోడ స్విచ్ ఆపి ఛార్జర్ పీకండి. మెషీన్ ఇంకా నడుస్తుంటే బటన్‌ని పదిహేను సెకన్లు వదలకుండా పట్టుకుని ఆపేయండి. దానంతటది ఆగిపోయి ఉంటే అదీ వద్దు, నొక్కొద్దు. మూత తెరిచి, కీబోర్డు కిందికి ఉండేలా బల్ల అంచున బోర్లించండి. అడుగు మూత విప్పడం వచ్చినవాళ్ళు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. ఆఫ్‌లో ఉన్నా బోర్డులో కొన్ని లైన్లకు బ్యాటరీ నుంచి కరెంటు అందుతూనే ఉంటుంది, తుప్పు అక్కడే ముందు పడుతుంది. విప్పడం రాకపోతే అదే రోజు చిప్ లెవెల్ పని (బోర్డు మీది చిప్పుల రిపేరు) చేసే దుకాణానికి తీసుకెళ్ళండి. టీ, కూల్‌డ్రింక్ పడితే ఇంకా తొందరగా, ఎందుకంటే ఆరిపోయాక కూడా చక్కెర, ఆమ్లం బోర్డు మీదే ఉంటాయి.

హెయిర్ డ్రైయర్ వద్దు. బియ్యం డబ్బాలో పెట్టొద్దు. లోపలి నీళ్ళు పోవు గానీ తవుడు మాత్రం యూఎస్‌బీ పోర్టుల్లో చేరుతుంది.

డిస్కు చెడుతున్నప్పుడు

హార్డ్ డిస్క్ టక్ టక్‌మంటుంటే డేటా చదివే హెడ్డు తన చోటు దొరక్క కొట్టుకుంటోందని అర్థం. ఆన్ చేసిన ప్రతిసారీ ప్లాటర్ (డేటా ఉండే పళ్ళెం) గీరుకుపోయే ప్రమాదం ఉంటుంది. ఆపేసి పక్కన పెట్టండి, డేటా రికవరీ వాళ్ళకే పని. చప్పుడు లేకుండా మెషీన్ నత్తనడక నడుస్తుంటే డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాంలో చూడండి. 'కాషన్' (జాగ్రత్త) అని పసుపు రంగు కనబడితే ఆ క్షణమే కాపీ మొదలుపెట్టండి. ట్యాలీ డేటా, థీసిస్, ఇంటి ఫొటోలు ముందు. సినిమాలు పోతే పోనీ.

కాపీ అయ్యేదాకా చెక్‌డిస్క్ (విండోస్‌లో డిస్కును సరిచేసే ప్రోగ్రాం) నడపొద్దు. అది చావబోయే డిస్కును ఇంకా శ్రమపెడుతుంది, పాడైన ఫైళ్ళను తనకు తోచినట్టు సరిచేస్తుంది, పేర్లు పోయిన ముక్కలు మిగులుతాయి.

ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాల్లేని చిప్పుల డిస్కు, చప్పుడు చేయదు. ఒకరోజు బయోస్‌లో (విండోస్‌కు ముందు వచ్చే సెట్టింగుల తెర) కనబడుతుంది, ఒకరోజు కనబడదు. కనబడినప్పుడే కాపీ చేసుకోండి. రీస్టార్ట్ కొట్టి చూద్దాం అనుకుంటే మళ్ళీ కనబడుతుందన్న హామీ లేదు.

ఇక దుకాణంలో ఇచ్చే ముందు

బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం) రికవరీ కీ తీసి పెట్టుకోండి, 48 అంకెలుంటుంది. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది, ఫోన్‌లోంచే చూడొచ్చు. విండోస్ 11 చాలా మెషీన్లలో మీకు చెప్పకుండానే డిస్కుకు తాళం వేసి ఉంటుంది. బోర్డు మారిస్తే ఆ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్కు బాగున్నా డేటా లేనట్టే.

జాబ్‌షీట్ (దుకాణం రాసే రిపేరు చీటీ) మీద "ఫార్మాట్ చేయొద్దు, డేటా కావాలి" అని రాయించండి. నోటిమాట చాలదు. ఎస్ఎస్‌డీని ఫార్మాట్ చేస్తే ట్రిమ్ (చెరిపిన డేటాను డిస్కు లోపల తుడిచేసే ఏర్పాటు) వల్ల పాతది తిరిగి రావడం దాదాపు కల్ల.

సమస్య డిస్‌ప్లేదో బోర్డుదో అయితే ఎస్ఎస్‌డీ విప్పి ఇంట్లో పెట్టుకోండి. అడుగు మూత తీశాక చాలావాటిలో ఒక్క స్క్రూ. కొత్త మ్యాక్‌బుక్‌లలో మాత్రం బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది, వాటికి ముందస్తు బ్యాకప్ తప్ప దారి లేదు.

సర్వీస్ ట్యాగ్ (మెషీన్ నంబరు), ర్యామ్, ఎస్ఎస్‌డీ స్టిక్కర్లు ఫొటో తీసుకోండి.

డెల్‌లో పసుపు, తెల్ల లైట్లు ఎన్నిసార్లు వెలుగుతున్నాయో, హెచ్‌పీలో క్యాప్స్ లాక్ ఎన్నిసార్లు మిణుకుతోందో వీడియో ఉంటే చూపండి. ఆ లెక్కే లోపం ఎక్కడో చెబుతుంది. తడిసిన మెషీన్ అయితే వీడియో కోసమని కూడా నొక్కొద్దు.

మెషీన్ మామూలుగా నడుస్తుంటే మెయిల్, బ్యాంకు లాగిన్లు తీసేయండి. మీరు రోజూ వాడే పాస్‌వర్డ్ ఇవ్వొద్దు.

టచ్‌ప్యాడ్ పైకి లేచిందా, మూత సరిగా పడటం లేదా? బ్యాటరీ ఉబ్బింది. ఛార్జింగ్ పెట్టొద్దు. అదమొద్దు. పొడవొద్దు. మంచం మీద, దిండు పక్కన ఉంచొద్దు.

ఉరుముతుంటే ఛార్జరే కాదు, ల్యాన్ కేబుల్ కూడా పీకండి.

కరెంటు పోతూ వస్తూ ఉన్నప్పుడు బయోస్ అప్‌డేట్ వద్దు.

"నీళ్ళు పడలేదు" అని దుకాణంలో అబద్ధం చెప్పొద్దు. అది నమ్మి వాళ్ళు నేరుగా ఛార్జర్ పెట్టి బటన్ నొక్కుతారు.