లినక్స్ సొంతంగా, 7వ పాఠం: సెట్టింగ్ సేవ్ కాకపోతే మొదట చూడాల్సింది ఓనర్ ఎవరని

పోయిన పాఠంలో సుడో నేర్చుకున్నాం, అంటే ఆదేశాన్ని రూట్ (సిస్టమ్ మొత్తం మీద హక్కున్న యూజర్) పేరుతో నడపడం. అది చదివి రాసినవాళ్లలో చాలామందిది ఒకటే గోడు. వాల్‌పేపర్ మారిస్తే రీస్టార్ట్ అయ్యేసరికి మళ్లీ పాతదే. ఎడిటర్‌లో ఫాంట్ పెంచితే ఆ పూటకే. కొందరికైతే పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా లాగిన్ తెర తిరిగి మొదటికే వస్తోంది. ఈసారి ప్రాసెస్‌ల గురించి చెప్పాల్సింది, కానీ ఇది తేలకుండా ముందుకెళ్లి లాభం లేదు.

ఎప్పటిలాగే ఆదేశాలను పలికినట్టు రాస్తున్నాను. టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరం అవసరమైన చోట నేనే చెబుతాను.

జరిగింది ఇదీ. సుడో సిస్టమ్ ఫైళ్ల కోసం, అంటే /ఈటీసీ కిందున్న వాటి కోసం. మీరు దాన్ని సొంత హోమ్ ఫోల్డర్‌లోని ఫైళ్ల మీద కూడా వాడారు. రూట్ సృష్టించిన ఫైలుకు ఓనర్ రూటే. ఆ తర్వాత మీ పేరుతో నడిచే సెట్టింగ్స్ ప్రోగ్రామ్ దాంట్లో రాయబోతే కెర్నల్ (లినక్స్ గుండెకాయ) ఒప్పుకోదు. ప్రోగ్రామ్ ఆ మాట మీకు చెబుతుందా అంటే, చాలావరకు చెప్పదు. స్లయిడర్ కదులుతుంది, టిక్కు పడుతుంది, డిస్కు మీదకి మాత్రం ఏమీ చేరదు. ఆ ప్రోగ్రామ్‌నే టెర్మినల్ నుంచి మొదలుపెడితే 'పర్మిషన్ డినైడ్' అన్న లైను బయటపడుతుంది. అక్కడ 'రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్' అనో 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అనో వస్తే అవి వేరే జబ్బులు, ఈ పాఠంలో మందు లేదు.

ఓనర్ మారిన ఫైళ్లను ఒక్కొక్కటిగా వెతుక్కోనక్కర్లేదు:

ఫైండ్ ~ -నాట్ -యూజర్ $యూజర్ -ఎల్ఎస్

~ అంటే మీ హోమ్ ఫోల్డర్. డాలర్ పక్కనున్న యూజర్ పెద్ద అక్షరాల్లో ఉండాలి. మీ హోమ్‌లో ఉండి మీవి కానివన్నీ జాబితాగా వస్తాయి. దాన్ని చదవండి, చదవకుండా ముందుకెళ్లకండి. డాకర్ (ప్రోగ్రాములను కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే సాధనం) వాడేవాళ్లకు ఆ కంటైనర్లు సృష్టించిన ఫోల్డర్లు కనబడొచ్చు, వాటిని కదిలిస్తే ఇంకో ప్రోగ్రామ్ కూలుతుంది. రూట్ పేరు మీదున్న సెట్టింగ్ ఫోల్డర్లను మాత్రం వెనక్కి తెచ్చుకోండి:

సుడో సీహెచ్‌ఓన్ -ఆర్ $యూజర్: ~/.కాన్ఫిగ్/డీకాన్ఫ్

ఆర్ పెద్దక్షరం. యూజర్ తర్వాత కోలన్ ఉంటే గ్రూపు కూడా మీదవుతుంది. హోమ్ మొత్తానికి ఒకేసారి ఇచ్చేసేవాళ్లున్నారు, నేనివ్వను. పాడైనదాన్నే బాగుచేయడం నా పద్ధతి.

డీకాన్ఫ్‌ని ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. గ్నోమ్ డెస్క్‌టాప్ సెట్టింగులు దాదాపు అన్నీ ఆ ఫోల్డర్‌లో 'యూజర్' అనే ఒకే ఫైలులో ఉంటాయి. ఆ ఫోల్డర్ రూట్ పరమైతే వాల్‌పేపర్ దగ్గర్నుంచి కీబోర్డ్ షార్ట్‌కట్ల దాకా ఏదీ నిలవదు. /రన్/యూజర్/1000/డీకాన్ఫ్ అని ఇంకోటి ఉంటుంది (1000 అన్నది మీ యూజర్ నంబరు). అది మెమరీలో ఉండేది కాబట్టి రీస్టార్ట్‌తో చెరిగిపోతుంది. 'రీస్టార్ట్ చేస్తే దానంతటదే బాగైంది' అన్నవాళ్లది ఈ కేసే అయ్యుంటుంది. లాగిన్ తిరిగి తిరిగి వస్తున్నవాళ్లు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి, అప్పుడొచ్చే అక్షరాల తెరలో లాగిన్ అయి, .ఎక్స్‌అథారిటీ, .ఐసీఈఅథారిటీ ఫైళ్ల ఓనర్ ఎవరో చూడండి (ఎక్స్, ఐసీఈ పెద్ద అక్షరాలు). రూట్ అని ఉంటే పై ఆదేశమే, చివరి ఫోల్డర్ పేరుకు బదులు ఈ ఫైలు పేరు పెట్టి ఇవ్వండి.

ఇక 777. దీని గురించి కాస్త గట్టిగానే మాట్లాడాలి.

'సీహెచ్‌మోడ్ 777 ఇచ్చాను, అయినా పనిచేయట్లేదు' అని రాసినవాళ్లున్నారు. సీహెచ్‌మోడ్ అనుమతులు మార్చే ఆదేశం. 777 అంటే ఆ మెషీన్‌లో ఉన్న ప్రతివాడూ, ప్రతి ప్రోగ్రామూ చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు. ఓనర్ మాత్రం మారడు. అంటే జబ్బు అలాగే ఉంది, తలుపులు మాత్రం అన్నీ తెరిచి పెట్టారు. భద్రత సంగతి పక్కన పెట్టినా, దానివల్ల సెట్టింగులే పనిచేయకుండా పోతాయి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ప్రోగ్రామ్ తన సెట్టింగ్ ఫైలులో ఎవరైనా రాయొచ్చని కనిపెడితే ఆ ఫైలును పట్టించుకోదు, ఒక హెచ్చరిక లైను రాసి డీఫాల్ట్‌లతో నడిచిపోతుంది. ఫైలులో మీరు రాసింది అక్షరం పొల్లుపోకుండా ఉంటుంది, దాన్ని చదివే నాథుడే ఉండడు. పాత లాగ్ ఫైళ్లను సర్దే లాగ్‌రొటేట్ కూడా అంతే. వేరే మెషీన్‌లోకి లాగిన్ అవడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ అయితే మీ ప్రైవేట్ కీ అందరికీ తెరిచి ఉందని దాన్ని వాడనే వాడదు. ఆ కీకి 600 (ఓనర్ మాత్రమే చదవొచ్చు, రాయొచ్చు) ఉండాలి, అది ఉన్న ఫోల్డర్‌కు 700 (ఓనర్‌కు అన్నీ, మిగతావాళ్లకు ఏమీ లేదు). ఇక /ఈటీసీ మొత్తానికి 777 ఇచ్చినవాళ్లకు సుడోనే ఆగిపోతుంది, ఎందుకంటే సుడో ఎవరు వాడొచ్చో చెప్పే సుడోయర్స్ ఫైలును అందరూ రాయగలిగితే సుడో నమ్మదు. /యూఎస్ఆర్‌కి -ఆర్‌తో ఇస్తే సుడో ప్రోగ్రామ్‌కున్న సెట్‌యూఐడీ బిట్ (ఎవరు నడిపినా ఓనర్ హక్కులతో నడిచేలా చేసే గుర్తు) ఎగిరిపోతుంది. అప్పుడు బాగుచేయడానికి సుడో కావాలి, సుడో బాగుపడాలంటే సుడో కావాలి. పెన్‌డ్రైవ్ లాంటి వేరే దారిలో బూట్ చేసుకోవాల్సిందే. 644 (ఓనర్ రాయొచ్చు, మిగతావాళ్లు చదవొచ్చు), 755 (దానికి తోడు అందరూ నడపొచ్చు, ఫోల్డర్ అయితే లోపలికి వెళ్లొచ్చు), 600, 700. మామూలు సెట్టింగ్ ఫైళ్లకూ ఫోల్డర్లకూ ఈ నాలుగు అంకెలు దాటి నాకు అవసరం పడటం చాలా అరుదు.

సిస్టమ్ ఫైలు మార్చాల్సి వస్తే ఎడిటర్‌కు సుడో తగిలించకండి, సుడోఎడిట్ వాడండి. అది ఫైలు నకలును మీ పేరుతో నడిచే ఎడిటర్‌కు ఇచ్చి, మీరు సేవ్ చేసి బయటికొచ్చాక అసలుచోట రాస్తుంది. ఎడిటర్ తన చిల్లర ఫైళ్లను రూట్ పేరు మీద ఎక్కడా వదలదు.

ఇంకొక్కటి. ఫైలు మీదే, 644 ఉంది, అయినా సేవ్ కావట్లేదా? ఫోల్డర్‌ను చూడండి. చాలా ప్రోగ్రాములు పాత ఫైలు మీద నేరుగా రాయవు. పక్కన తాత్కాలిక ఫైలు ఒకటి రాసి, దాని పేరు మార్చి పాతదాని స్థానంలో కూర్చోబెడతాయి. మధ్యలో కరెంటు పోయినా సగం రాసిన ఫైలు మిగలకూడదని ఈ ఏర్పాటు. కొత్త ఫైలు సృష్టించాలన్నా పేరు మార్చాలన్నా కావాల్సింది ఫోల్డర్‌లో రాసే అనుమతి. ఎల్ఎస్ -ఎల్‌డీ అని ఫోల్డర్ పేరు ఇస్తే దాని ఓనర్ తెలుస్తుంది. దారి పొడవునా ఉన్న అన్ని ఫోల్డర్లనూ ఒకేసారి చూడాలంటే నేమ్ఐ -ఎల్.

అభ్యాసం. కాస్త కష్టమైనదే, రాసుకుంటూ చేయండి. హోమ్‌లో కొత్త ఫోల్డర్ ఒకటి పెట్టి అందులో ఒక లైనున్న ఫైలు సృష్టించండి. మొదట ఫైలును రూట్‌కు ఇచ్చేయండి, ఫోల్డర్ మీ పేరునే ఉండనివ్వండి. న్యానో ఎడిటర్‌తో మార్చి సేవ్ చేయడానికి ప్రయత్నించండి, తర్వాత సెడ్ -ఐతో (ఎడిటర్ తెరవకుండానే ఫైలులో మాటలు మార్చే ఆదేశం). ఒకటి ఒప్పుకోదు, ఒకటి ఒప్పుకుంటుంది. ఒప్పుకున్నాక ఫైలు ఓనర్ ఎవరో చూడండి. ఇప్పుడు తిరగేయండి: ఫైలు మీది, ఫోల్డర్ రూట్‌ది, 755. ఆదేశం కొట్టకముందే రెండింటి ఫలితమూ కాగితం మీద రాసి, తర్వాత సరిచూసుకోండి. చివరగా /టీఎంపీలో రూట్ పేరుతో ఒక ఫైలు పెట్టి సెడ్ -ఐ నడపండి. ఆ ఫోల్డర్‌లో ఎవరైనా రాయొచ్చు, అయినా పని జరగదు. ఎల్ఎస్ -ఎల్‌డీ /టీఎంపీ కొడితే అనుమతుల చివర టీ అనే అక్షరం కనబడుతుంది. అది ఏం చేస్తుందో మీరే కనుక్కుని రాయండి, వచ్చే పాఠం ఆ జవాబులతోనే మొదలవుతుంది.